ఈత కొలను చెంత విద్యుత్తు.. కొలత తప్పితే ముప్పు

వేసవి ఎండలు ముదిరితే రంగారెడ్డి జిల్లాలోని మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల పరిసరాల ఫాంహౌస్‌లకు సందడి వస్తుంది. ఒకప్పుడు నక్షత్ర హోటళ్లకు, క్లబ్బులకు పరిమితమైన ఈత కొలను నేడు ఫాంహౌస్‌లకు, విల్లాలకు, కొన్నిచోట్ల సొంత ఇళ్లకు సైతం చేరింది. కొలను కట్టించేటప్పుడు లోతు ఎంత ఉండాలి, టైల్స్ ఏ రంగువి వేయాలి, నీటిని శుద్ధి చేసే యంత్రం ఏ కంపెనీది కొనాలి అని యజమానులు నలుగురినీ విచారిస్తారు. కరెంటు పనిని మాత్రం ఇంటికి వైరింగ్ చేసిన మనిషికే అప్పగించి ఊరకుంటారు. ఆపదకు బీజం పడేది అక్కడే. ఇంటి వైరింగ్ వేరు, కొలను వైరింగ్ వేరు. ఇంట్లో సరిపోయే జాగ్రత్తలు నీటి ఒడ్డున సరిపోవు. అందుకే కొలనుల కోసం విద్యుత్ ప్రమాణాల్లో ప్రత్యేక అధ్యాయమే ఉంది. అందులోని ముఖ్య నియమాలను, వాటి వెనుక ఉన్న కారణాలను తెలుసుకోవడం యజమానికి, కొలనులో దిగేవారికి కూడా అవసరం.

తడి ఒంటికి కొద్ది కరెంటే చాలు

పొడి చర్మం విద్యుత్ ప్రవాహాన్ని కొంతమేర అడ్డుకుంటుంది. కాలికి చెప్పులు, కింద పొడి నేల ఉంటే ఆ రక్షణ మరింత పెరుగుతుంది. ఈత కొట్టే మనిషికి ఈ మూడూ ఉండవు. ఒళ్లంతా తడి, కాళ్లకు చెప్పులు లేవు, చుట్టూ నీరు. దేహం గుండా 1 మిల్లీ ఆంపియరు కరెంటు ప్రవహిస్తే చిన్న జలదరింపు మాత్రమే కలుగుతుంది. 10 మిల్లీ ఆంపియర్లు దాటితే కండరాలు బిగుసుకుని, పట్టుకున్న వస్తువును వదలడం కష్టమవుతుంది. 30 మిల్లీ ఆంపియర్లు మించి కొద్దిసేపు కొనసాగినా ఊపిరికి, గుండెకు ప్రమాదం ఏర్పడుతుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు వెలగడానికి సుమారు 40 మిల్లీ ఆంపియర్లు కావాలి. అంటే ఒక చిన్న బల్బును వెలిగించే కరెంటు మనిషి ప్రాణం తీయడానికి చాలు.

నీటిలో మరో ప్రమాదం పొంచి ఉంది. గుండె ఆగేంత కరెంటు అక్కర్లేదు, చేతులూ కాళ్లూ ఆడకుండా చేసేంత ఉంటే చాలు, ఈతగాడు మునిగిపోతాడు. ఒంటిపై కాలిన గుర్తు కూడా కనిపించకపోవచ్చు. చూసేవారు ఈత రాక మునిగిపోయాడని భావిస్తారు. రక్షించేందుకు దూకినవారు సైతం అదే నీటిలో చిక్కుకుంటారు. మనిషి రక్తంలో లవణాలు ఉండటం వల్ల మంచినీటి కన్నా మనిషి దేహమే కరెంటుకు సులువైన దారి. కాబట్టి నీటిలో ఒక చోటికీ మరో చోటికీ మధ్య వోల్టేజి తేడా ఏర్పడితే, తీగను ముట్టుకోకపోయినా షాక్ తగులుతుంది.

కొలను చుట్టూ మూడు మండలాలు

ఈ ప్రమాదాన్ని దృష్టిలో ఉంచుకుని అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ తన 60364 ప్రమాణంలోని 702వ విభాగంలో కొలను పరిసరాలను మూడు మండలాలుగా విభజించింది. భారతీయ ప్రమాణాల సంస్థ 2019లో సవరించిన వైరింగ్ ప్రమాణం ఐఎస్ 732, అదే సంస్థ వెలువరించే జాతీయ విద్యుత్ కోడ్ కూడా ఇదే బాటలో నడుస్తున్నాయి. జాతీయ విద్యుత్ కోడ్ తొలుత 1985లో వెలువడగా, 2011లోను, తిరిగి 2023లోను దానిని సవరించారు.

సున్నా మండలం: కొలను లోపలి భాగమంతా ఈ మండలమే. గోడల్లో, అడుగున ఉండే గూళ్లు సైతం ఇందులోకే వస్తాయి.

ఒకటో మండలం: కొలను అంచు నుంచి బయటికి 2 మీటర్లు, అంటే సుమారు ఆరున్నర అడుగుల వరకు. ఎత్తులో, మనుషులు నిలబడే నేల నుంచి 2.5 మీటర్ల వరకు. దూకేందుకు పలక, జారుడుబల్ల వంటివి ఉంటే వాటి చుట్టూ 1.5 మీటర్లు, వాటిపై మనిషి నిలిచే అత్యంత ఎత్తయిన చోటు నుంచి పైకి 2.5 మీటర్లు కూడా ఈ మండలంలో చేరుతాయి.

రెండో మండలం: ఒకటో మండలం ముగిసిన చోటు నుంచి మరో 1.5 మీటర్లు. ఎత్తు అంతే. అంటే కొలను అంచు నుంచి మొత్తం 3.5 మీటర్లు, సుమారు పదకొండున్నర అడుగులు దాటితేనే ఈ ప్రత్యేక నియమాల పరిధి నుంచి బయటపడినట్లు లెక్క.

ఈ కొలతల వెనుక సులువైన తర్కం ఉంది. నీటిలో ఉన్న మనిషి గానీ, ఒడ్డున తడి ఒంటితో నిలబడిన మనిషి గానీ చేయి చాపితే 230 వోల్టుల పరికరం ఏదీ అందకూడదు. మధ్యలో తగినంత ఎత్తున్న గోడ అడ్డుగా ఉంటే ఆ మేరకు మండలం కుదించుకుంటుంది. అయితే గోడకు తలుపు గానీ, కిటికీ గానీ ఉంటే దూరాన్ని దాని మీదుగా చుట్టి కొలవాలి.

ఏ మండలంలో ఏది తగును

సున్నా, ఒకటో మండలాల్లో ప్లగ్ పాయింట్లు, స్విచ్ బోర్డులు పెట్టకూడదు. జంక్షన్ బాక్సులు కూడా తగవు. అతి తక్కువ వోల్టేజి తీగల కోసమైతే ఒకటో మండలంలో మాత్రమే మినహాయింపు ఉంది. స్థలం మరీ ఇరుకై, ఒకటో మండలం వెలుపల ప్లగ్ పాయింట్ పెట్టడం అసాధ్యమైన చిన్న కొలనులకు ఒక సడలింపు ఇచ్చారు. అంచు నుంచి కనీసం 1.25 మీటర్ల దూరంలో, నేల నుంచి కనీసం 30 సెంటీమీటర్ల ఎత్తులో, అదనపు రక్షణతో దానిని అమర్చవచ్చు. స్థలం ఉండి కూడా ఈ సడలింపును వాడుకోవడం నియమాన్ని తప్పించుకోవడమే అవుతుంది.

రెండో మండలంలో ప్లగ్ పాయింట్లు, స్విచ్‌లు పెట్టవచ్చు. అయితే వాటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ రక్షణ గానీ, ప్రత్యేక ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు గానీ, అతి తక్కువ వోల్టేజి సరఫరా గానీ ఉండాలి.

పరికరాలు నీటిని ఎంతవరకు తట్టుకోగలవో తెలిపే ఐపీ సంఖ్యకూ మండలాలను బట్టి లెక్క ఉంది. ఈ సంఖ్యలోని రెండో అంకె నీటి నుంచి రక్షణను సూచిస్తుంది. నీటిలో మునిగి ఉండే పరికరానికి ఆ అంకె 8 ఉండాలి. ఒకటో మండలంలో కనీసం 4. పైపుతో నీరు కొట్టి కడిగే చోటయితే 5. రెండో మండలంలో ఆరుబయట 4, కప్పు కింద అయితే కనీసం 2. కొనేటప్పుడు పెట్టెపై ఉన్న ఈ సంఖ్యను చూడాలి. దుకాణదారు ‘వాటర్‌ప్రూఫ్’ అని చెప్పిన మాట ఒక్కటే చాలదు.

నీటిలోని దీపానికి 12 వోల్టులే

రాత్రివేళ కొలను అందంగా కనిపించాలని నీటి అడుగున దీపాలు పెట్టిస్తారు. ఈ దీపాలకు ఏసీ అయితే 12 వోల్టులు, డీసీ అయితే 30 వోల్టులు మించకూడదన్నది నియమం. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఆ 12 వోల్టులు ఎక్కడి నుంచి వస్తున్నాయన్నది. 230 వోల్టుల చుట్టకు, 12 వోల్టుల చుట్టకు మధ్య విద్యుత్ సంబంధం ఏమాత్రం లేని సేఫ్టీ ఐసోలేటింగ్ ట్రాన్స్‌ఫార్మరునే వాడాలి. ఆటో ట్రాన్స్‌ఫార్మరు వాడితే వోల్టేజి తగ్గుతుందే గానీ, మెయిన్స్‌తో సంబంధం తెగదు. లోపల ఒక్క తీగ తెగినా పూర్తి 230 వోల్టులు నీటిలోకి వస్తాయి. చౌకగా దొరికే కొన్ని ఎల్‌ఈడీ డ్రైవర్లతోనూ ఇదే ప్రమాదం ఉంది.

ట్రాన్స్‌ఫార్మరును మూడు మండలాలకూ అవతల, అంటే అంచు నుంచి 3.5 మీటర్లు దాటిన తర్వాత పెట్టడం ఉత్తమం. రెండో మండలంలో పెట్టక తప్పకపోతే దానికి కరెంటు ఇచ్చే లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండి తీరాలి. ఇక్కడ చాలామంది పొరబడే అంశం ఒకటుంది. 12 వోల్టుల తీగల్లో దేనినీ ఎర్త్‌కు కలపకూడదు. ఎర్త్‌తో సంబంధం లేకుండా ఉండటమే ఆ సరఫరాకు రక్ష.

ఎంసీబీ ఉంది కదా అన్న ధీమా వద్దు

బోర్డులో ఎంసీబీ ఉంది, మోటారుకు ఎర్త్ తీగ ఉంది, ఇంకేం కావాలి అని అడిగేవారు ఎక్కువ. ఒక లెక్క చూస్తే ఆ ధీమా ఎంత ప్రమాదకరమో బోధపడుతుంది.

కొలను మోటారు లోపల ఇన్సులేషన్ చెడి ఫేజ్ తీగ ఇనుప బాడీకి తగిలిందనుకుందాం. కరెంటు ఎర్త్ తీగ ద్వారా ఇంటి ఎర్త్ పిట్‌లోకి, అక్కడి నుంచి నేల గుండా వీధి ట్రాన్స్‌ఫార్మరు ఎర్త్‌కు చేరాలి. ఎండాకాలంలో నేల ఎండిపోయి ఇంటి ఎర్త్ పిట్ నిరోధం 10 ఓములు, ట్రాన్స్‌ఫార్మరు వద్ద 2 ఓములు ఉన్నాయనుకుంటే మొత్తం 12 ఓములు. 230 వోల్టులను 12తో భాగిస్తే ప్రవహించే కరెంటు సుమారు 19 ఆంపియర్లు. ఆ లైనుకు 32 ఆంపియర్ల ఎంసీబీ ఉంటే అది కదలదు. దాని దృష్టిలో ఇది మామూలు లోడే. అయితే ఆ 19 ఆంపియర్లు 10 ఓముల ఎర్త్ పిట్ గుండా పోతున్నంతసేపూ మోటారు బాడీపై సుమారు 190 వోల్టులు నిలిచి ఉంటాయి. మోటారు నడుస్తూనే ఉంటుంది. ఎవరికీ అనుమానం రాదు. మోటారును గానీ, దానికి ఆనుకున్న ఇనుప పైపును గానీ తడి చేత్తో ముట్టుకున్న వారికే అసలు సంగతి తెలుస్తుంది.

అదే లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే కథ వేరు. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని ఈ పరికరం అనుక్షణం పోల్చి చూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే 0.3 సెకనులోపు, 150 మిల్లీ ఆంపియర్లకు చేరితే 0.04 సెకనులోపు సరఫరాను తెంచాలన్నది ప్రమాణం. పైన చెప్పిన 19 ఆంపియర్ల లీకేజీకి అది రెప్పపాటులో పడిపోతుంది. వైరు కాలిపోకుండా చూడటం ఎంసీబీ పని. మనిషిని కాపాడటం ఆర్‌సీసీబీ పని. ఒకదాని బదులు మరొకటి సరిపోదు.

అలాగని ఆర్‌సీసీబీ సర్వరోగ నివారిణి కాదు. ఒక చేతితో ఫేజ్‌ను, మరో చేతితో న్యూట్రల్‌ను పట్టుకుంటే అది ఆ మనిషిని మామూలు లోడుగానే చూస్తుంది. అందువల్ల ఆర్‌సీసీబీ ఉంది కదా అని నీటిలో 230 వోల్టుల దీపం పెట్టడం తగదు.

లోహాలన్నింటినీ ఒకే తాటికి కట్టాలి

కొలను నియమాల్లో ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది ఈక్విపొటెన్షియల్ బాండింగ్. మెట్ల నిచ్చెన, చేతిపట్టీలు, ఇనుప పైపులు, మోటారు బాడీ, దీపాల లోహపు చట్రాలు, మూడు మండలాల పరిధిలోని ఇనుప కంచె, కాంక్రీటులోని ఇనుప చువ్వలు వీటన్నింటినీ రాగి తీగతో ఒకదానికొకటి కలిపి, ఇంటి ఎర్త్‌కు జోడించాలి. మెకానికల్ రక్షణ లేని చోట ఈ రాగి తీగ 4 చదరపు మిల్లీమీటర్లకు తగ్గరాదు.

తీగలపై వాలే పిట్టను గమనిస్తే దీని మర్మం అర్థమవుతుంది. పిట్ట రెండు కాళ్లూ ఒకే తీగపై ఉంటాయి కాబట్టి కాళ్ల మధ్య వోల్టేజి తేడా ఉండదు, దానికి ఏమీ కాదు. కొలనులోనూ అంతే. ఎక్కడో లోపం వల్ల వోల్టేజి వచ్చినా నిచ్చెన, నేల, పైపు అన్నీ ఒకే వోల్టేజి వద్ద ఉంటే మనిషి గుండా కరెంటు ప్రవహించే అవకాశం తగ్గిపోతుంది. ఎర్తింగ్ కరెంటును భూమిలోకి పంపుతుంది. బాండింగ్ మనిషికి అందే రెండు వస్తువుల మధ్య తేడా లేకుండా చేస్తుంది. రెండూ ఉండాలి.

ఇందులో తరచూ జరిగే పొరపాట్లు రెండు. మొదటిది, కొలనుకు విడిగా ఎర్త్ పిట్ తవ్వి దానిని ఇంటి ఎర్త్‌తో కలపకుండా వదిలేయడం. అప్పుడు రెండు ఎర్త్‌ల మధ్య వోల్టేజి తేడా ఏర్పడి, ఏది లేకుండా చేయాలనుకున్నారో అదే వచ్చిపడుతుంది. రెండోది, కాంక్రీటు పోసిన తర్వాత బాండింగ్ గుర్తుకు రావడం. చువ్వలకు తీగ కలపాల్సింది సెంట్రింగు దశలోనే. స్లాబు పడి, టైల్స్ అతికించాక మళ్లీ తవ్వితే తప్ప దారి ఉండదు. అందుకే కొలనుకు గుంత తీసే రోజే ఎలక్ట్రీషియన్ అక్కడ ఉండాలి. రంగులు వేసే రోజు వస్తే లాభం లేదు.

ఆర్‌సీసీబీని తీసేస్తున్నది అందుకే

పెట్టిన ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతోందని దానిని తీసేసి నేరుగా కలిపేసిన ఇళ్లు పట్టణాల్లో, పల్లెల్లో కూడా కనిపిస్తాయి. దీనికి సాధారణ కారణం ఇన్వర్టరు. ఇన్వర్టరు లైను న్యూట్రల్‌ను, ఆర్‌సీసీబీ తర్వాతి న్యూట్రల్‌ను ఏదో ఒక బోర్డులో కలిపేస్తే, వెళ్లిన కరెంటు వేరే దారిలో తిరిగి వస్తుంది. పరికరం దానిని లీకేజీగా లెక్కించి పడిపోతుంది. తప్పు పరికరానిది కాదు, వైరింగుది. కలిసిపోయిన న్యూట్రళ్లను వేరుచేస్తే సమస్య తీరుతుంది. లేదంటే నిజంగానే ఎక్కడో లీకేజీ ఉందన్నమాట. మెగ్గర్‌తో ఒక్కో లైనును పరీక్షిస్తే అది బయటపడుతుంది. రెండు సందర్భాల్లోనూ పరికరాన్ని తీసేయడం, కుక్క మొరుగుతోందని దానిని వెళ్లగొట్టి దొంగకు తలుపు తీయడమే.

కరెంటు పోయినప్పుడు నడిపే జనరేటరుతో మరో చిక్కు. చిన్న పోర్టబుల్ జనరేటర్లలో కొన్నింటికి న్యూట్రల్ ఎర్త్‌తో కలిసి ఉండదు. అటువంటప్పుడు తొలి లోపానికి ఆర్‌సీసీబీ స్పందించకపోవచ్చు. ఇన్వర్టరు లైనును ఆర్‌సీసీబీ పరిధిలోకి తీసుకురాకుండా విడిగా లాగిన చోట కూడా మెయిన్స్ పోయిన క్షణం నుంచి రక్షణ ఉండదు. కరెంటు పోయినప్పుడు కొలను మోటారు, దీపాలు ఏ లైనుపై నడుస్తున్నాయో, ఆ లైనుకు రక్షణ ఉందో లేదో యజమాని ముందుగానే అడిగి తెలుసుకోవాలి. ఆ రక్షణ లేనంత కాలం కరెంటు పోయిన వేళ కొలనులో ఎవరినీ ఉంచకూడదు.

అమెరికా పద్ధతి వేరు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో కొందరి ఇళ్లకు ఈత కొలనులు ఉన్నాయి. అక్కడి బంధువులు పంపిన నమూనాలను, వీడియోలను చూసి ఇక్కడ కొలను కట్టించుకునేవారూ ఉన్నారు. అయితే అక్కడి లెక్కలను యథాతథంగా ఇక్కడ వాడటం కుదరదు. అమెరికా నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్‌లో 680వ ఆర్టికల్ కొలనుల కోసమే ఉంది. ఆ కోడ్‌ను మూడేళ్లకోసారి సవరిస్తారు. అక్కడ మండలాల పద్ధతి లేదు, అడుగుల లెక్క ఉంది. కొలను లోపలి గోడ నుంచి 6 అడుగుల లోపు ప్లగ్ పాయింట్ ఉండరాదు. 20 అడుగుల లోపు ఉన్న ప్లగ్ పాయింట్లకు జీఎఫ్‌సీఐ రక్షణ ఉండాలి.

ఆసక్తికరమైన సంగతి మరొకటి ఉంది. ఇంటి కొలనుకు 6 నుంచి 20 అడుగుల మధ్య కనీసం ఒక ప్లగ్ పాయింట్ ఉండి తీరాలని అక్కడి కోడ్ ఆదేశిస్తోంది. దగ్గరలో పాయింట్ లేకుంటే జనం ఎక్స్‌టెన్షన్ బాక్సును నీటి ఒడ్డుకే లాగుతారన్న ముందుచూపు ఇందులో ఉంది. మన దగ్గరా ఈ ఆలోచన ఆచరించదగినదే. 3.5 మీటర్లు దాటాక రక్షణతో కూడిన ఒక పాయింట్ ముందే పెట్టించుకుంటే, పాటల పెట్టె కోసం వైర్లు లాగాల్సిన అవసరం రాదు.

జీఎఫ్‌సీఐ కూడా ఆర్‌సీసీబీ తరహా పరికరమే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీలో ఆచార్యుడిగా పనిచేసిన చార్లెస్ డాల్జియల్ మనిషి దేహం ఎంత కరెంటును తట్టుకోగలదన్న అంశంపై ఏళ్ల తరబడి పరిశోధించి, 1960వ దశకంలో దీనికి రూపమిచ్చారు. ఇంటి స్నానగదుల కన్నా ముందు, 1968 నాటి కోడ్‌లో నీటి అడుగు దీపాల కోసమే దీనిని ప్రస్తావించారు. కొలను ప్రమాదం ఎంత తీవ్రమైనదో దీనిని బట్టి గ్రహించవచ్చు. అక్కడ ఈ పరికరం సుమారు 5 మిల్లీ ఆంపియర్లకే పడిపోతుంది. ఇళ్లలో సాధారణ సరఫరా 120 వోల్టులు. ఇక్కడ 230 వోల్టులు. ఆ దేశం నుంచి తెచ్చిన 120 వోల్టుల దీపాన్ని, మోటారును ఇక్కడి లైనుకు కలపడం కొరివితో తల గోక్కోవడమే.

గాలి నింపే కొలనుకూ ఇదే సూత్రం

పిల్లల కోసం డాబాపై, వాకిట్లో పెట్టే గాలి నింపే కొలనులను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అయితే పిల్లలు ఆడుకునే నీటి తొట్లు సైతం 702వ విభాగం పరిధిలోకి వస్తాయి. నీరు తోడే చిన్న పంపు, పక్కన టేబుల్ ఫ్యాను, చార్జింగులో పెట్టిన సెల్‌ఫోను, వీటన్నింటికీ నేలపై ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు. ఇంటి కొలనుల్లో ఇంతకు మించిన ప్రమాదకరమైన ఏర్పాటు మరొకటి ఉండదు. పంపుతో నీరు నింపడం, తోడటం పిల్లలు లేనప్పుడే జరగాలి. పంపు ప్లగ్ తీశాకే పిల్లలను దించాలి.

కొలను పైనుంచి విద్యుత్ తీగలు పోకుండా చూసుకోవడం కూడా ముఖ్యం. చెత్త తీసే పొడవాటి అల్యూమినియం కర్ర పైకెత్తితే తీగలను తాకే ప్రమాదం ఉంది. 11 కేవీ లైను నుంచి భవనానికి పక్కగా కనీసం 1.2 మీటర్లు, పైన 3.7 మీటర్ల దూరం ఉండాలన్నది కేంద్ర నిబంధన. ఇది భవనానికి సంబంధించిన కనీస కొలత మాత్రమే. పొడవాటి కర్రలు తిప్పే కొలను వద్ద ఆ కొలత చాలదు. లైను దగ్గరగా ఉంటే విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు చేసి మార్పించుకోవాలి, లేదా కొలను చోటు మార్చాలి.

చట్టం ఏమంటోంది

విద్యుత్ చట్టం 2003 కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలను జారీ చేస్తుంది. 2010 నాటి నిబంధనల స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. వైరింగ్ పనిని ప్రభుత్వ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు, అర్హత పత్రం ఉన్న సూపర్‌వైజరు పర్యవేక్షణలో చేయించాలి. ఎర్త్ లీకేజీ రక్షణ ఉండాలి. ఉపయోగించే సామగ్రి, పని తీరు భారతీయ ప్రమాణాలకు అనుగుణంగా ఉండాలి. ఎర్తింగ్‌కు ఐఎస్ 3043, ఆర్‌సీసీబీకి ఐఎస్ 12640 ప్రమాణాలు వర్తిస్తాయి. విద్యుత్ ప్రమాదం జరిగి ఎవరైనా మరణించినా, గాయపడినా నిర్ణీత గడువులోగా విద్యుత్ తనిఖీ అధికారికి సమాచారం అందించాలి.

మీటరు దాటిన తర్వాత లోపలి వైరింగ్ బాధ్యత వినియోగదారుడిదే. వారాంతాల్లో ఫాంహౌస్‌ను అద్దెకు ఇచ్చే యజమానులు ఈ మాటను మరవకూడదు. అద్దెకు వచ్చేవారికి ఏ తీగ ఎక్కడుందో తెలియదు. వారు యజమానిని నమ్మి తమ పిల్లలను నీటిలోకి దించుతారు.

నీరు నింపే ముందు చూడాల్సినవి

* టేపు తీసుకుని కొలను అంచు నుంచి 2 మీటర్లు, 3.5 మీటర్ల వద్ద గుర్తులు పెట్టాలి. మొదటి గీత లోపల 230 వోల్టుల ప్లగ్ పాయింట్, స్విచ్, దీపస్తంభం ఏది ఉన్నా తొలగించాలి.
* ఆర్‌సీసీబీపై ఉన్న టెస్ట్ బటన్‌ను నెలకోసారి నొక్కాలి. వెంటనే పడిపోవాలి. పడకపోతే అదే రోజు మార్పించాలి.
* ఆర్‌సీసీబీపై 30 మిల్లీ ఆంపియర్లు అని ఉందో లేదో చూడాలి. 100, 300 అని ఉన్నవి మనిషి రక్షణకు పనికిరావు.
* నీటి దీపాలు ఎన్ని వోల్టులవో, ట్రాన్స్‌ఫార్మరు ఏ రకమో, ఎక్కడుందో ఎలక్ట్రీషియన్‌తో కాగితంపై రాయించుకోవాలి.
* మోటారు గదిలో ఎర్త్, బాండింగ్ బోల్టులను ఏటా వేసవికి ముందు పరిశీలించాలి. క్లోరిన్ ఆవిరికి ఇవి త్వరగా తుప్పు పడతాయి. క్లోరిన్ డబ్బాలను ఆ గదిలో నిల్వ చేయకూడదు.
* ఎర్త్ పిట్ నిరోధాన్ని తడి కాలంలో కాక, ఎండ ముదిరిన వేళ కొలిపించాలి.
* దీపం అద్దంలో నీరు చేరినా, నిచ్చెన పట్టుకుంటే జలదరింపు అనిపించినా కొలనును తక్షణం మూసివేయాలి. ‘కొద్దిగా చిమచిమలాడుతోంది’ అన్న పిల్లల మాటను కొట్టిపారేయకూడదు. అది తొలి హెచ్చరిక.
* ఉరుములు, మెరుపులు మొదలైతే అందరూ నీటి నుంచి బయటికి రావాలి.

ప్రమాదం జరిగితే

నీటిలో ఎవరైనా ఉన్నట్టుండి బిగుసుకుపోయినా, పలువురు ఒకేసారి కేకలు వేసినా ముందుగా చేయాల్సింది నీటిలోకి దూకడం కాదు, మెయిన్ స్విచ్ ఆపడం. ఇన్వర్టరు, జనరేటరు ఉంటే వాటినీ ఆపాలి. అందుకే మెయిన్ స్విచ్ ఎక్కడుందో కొలనుకు వచ్చిన ప్రతి పెద్దకూ ముందే చూపించాలి. కరెంటు ఆగిందో లేదో తెలియకపోతే పొడి కర్రతో గానీ, తాడుతో గానీ, ఫైబరు గడతో గానీ బాధితుణ్ని ఒడ్డుకు లాగాలి. ఇనుప, అల్యూమినియం కర్రలు వాడకూడదు. నీటిలో ఉన్న మిగతావారు లోహపు నిచ్చెనను పట్టుకోకుండా బయటికి రావాలి.

ఒడ్డుకు చేర్చిన వెంటనే 108కి ఫోను చేయాలి. శ్వాస ఆడకపోతే, నాడి అందకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ, నోటి ద్వారా ఊపిరి అందిస్తూ ఉండాలి. అంబులెన్సు వచ్చేవరకు ఆపకూడదు. బాధితుడు తేరుకున్నా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. విద్యుదాఘాతం గుండెపై చూపే ప్రభావం కొంతసేపటి తర్వాత కూడా బయటపడవచ్చు. విద్యుత్ సరఫరాకు సంబంధించిన ఫిర్యాదులకు 1912 నంబరు ఉంది.

ఒక ఐసోలేటింగ్ ట్రాన్స్‌ఫార్మరు, ఒక ఆర్‌సీసీబీ, కొన్ని మీటర్ల రాగి తీగ, కొలిచేందుకు ఒక టేపు. కొలను కట్టడానికి అయ్యే ఖర్చులో ఇవన్నీ కలిపినా స్వల్పమే. కాంక్రీటు పడకముందు అడిగితే పని సులువు. నీరు నింపాక అడిగితే కష్టం. ప్రమాదం జరిగాక అడిగి ప్రయోజనం లేదు.